ఊళ్లో చిన్న ఫెన్సింగ్ క్లబ్ పెట్టుకోవడం ఎలా

ముందు బోర్డు మీద ఏం రాయాలో తేల్చుకోండి. మన ఊళ్లలో ఫెన్సింగ్ అంటే స్థలం చుట్టూ రాళ్లు పాతి తీగ లాగడం. మేం మొదట "ఇచ్చట ఫెన్సింగ్ నేర్పబడును" అని రాసి కింద ఫోన్ నంబర్ పెడితే, మొదటి వారం వచ్చిన ఫోన్లలో చాలావరకు గజానికి ఎంత, రాళ్లు మీవేనా అని అడిగినవే. మీరు "ఫెన్సింగ్, కత్తియుద్ధం ఆట" అని రాసి, పక్కన మాస్క్ పెట్టుకుని కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ ఒకటి వేయించండి. కత్తి అన్న మాట చూసి తల్లిదండ్రులు జడుసుకుంటారేమో అని మేమూ టెన్షన్ పడ్డాం గానీ, కర్రసాము, కత్తిసాము చూసిన ఊళ్లు మనవి, బొమ్మ చూడగానే ఇది ఆట అని అర్థమైపోతుంది.

నేను చెప్పేది పతకాల కోసం పెట్టే అకాడమీ గురించి కాదు. వారానికి రెండు రోజులు నలుగురు కలిసి చెమట పట్టేదాకా ఆడుకుని ఇళ్లకి వెళ్లే క్లబ్ గురించి. దీనికి పెద్ద హాలు, విదేశీ కోచ్, లక్షల సామాను ఉండాలని చాలామంది అనుకుని మొదలే పెట్టరు. టోక్యో ఒలింపిక్స్‌కి అర్హత సాధించి, 2021లో అక్కడ మొదటి బౌట్ (ఇద్దరు తలపడే ఒక ఆట) 15-3తో గెలిచిన భవానీ దేవి, అంతకుముందు మన దేశం నుంచి ఏ ఫెన్సరూ వెళ్లని చోటికి వెళ్లిన మనిషి, చెన్నైలో స్కూల్ రోజుల్లో ప్రాక్టీస్ చేసింది వెదురు కర్రలతో. అసలు కత్తులు పోటీలప్పుడే చేతికొచ్చేవని ఆమే చెప్పింది. కాబట్టి సామాను తక్కువని ఆగకండి, కానీ ఒక్క మాస్క్ విషయంలో మాత్రం సర్దుకుపోకండి. దాని గురించి కింద విడిగా రాశాను.

ముందు ఆరుగురు

సామాను కంటే ముందు మనుషుల్ని పోగేయండి. ఆరుగురు ఉంటే చాలు, మూడు జతలవుతాయి, ఇద్దరు రాకపోయినా ఆ రోజు ప్రాక్టీస్ ఆగదు. ఇరవై మంది వస్తామన్నారని ఇరవై సెట్లు కొనేసిన క్లబ్ మూడు నెలలకి మూతపడుతుంది. ఎందుకంటే మొదటి రోజు సినిమాల్లో లాగా ఖంగు ఖంగున కొట్టుకోవచ్చని వచ్చినవాళ్లు, నెల రోజులు మోకాళ్లు వంచి ముందుకీ వెనక్కీ నడవాలని తెలిశాక సగం మంది రారు. ఉన్న సగం మందే మీ క్లబ్.

వెతకాల్సిన చోట్లు మీ ఊళ్లోనే ఉన్నాయి: షటిల్ ఆడేవాళ్లు, కరాటే మానేసిన కాలేజీ పిల్లలు, కబడ్డీ ఆడి మోకాలు నొప్పితో ఇంకేదైనా చూద్దాం అనుకునేవాళ్లు (వీళ్లకి మాత్రం మొదట మోకాలు సరిగ్గా ఉందో లేదో డాక్టర్‌తో చూపించుకోమని చెప్పండి), స్కూళ్లలో పీఈటీలు. వయసు కలగలిపి ఉండటం మంచిది. ఈ ఆటలో నలభై దాటినవాళ్లు ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి దూరం లెక్కతో ఓడించగలరు, అది చూసినప్పుడు ఇద్దరికీ ఆట మీద గౌరవం పెరుగుతుంది. ఆడపిల్లల్ని, ఇంట్లో ఉండే ఆడవాళ్లని ప్రత్యేకంగా పిలవండి, పిలవకపోతే ఇది మగపిల్లల వ్యవహారం అనుకుని దూరంగా నిలబడి చూసి వెళ్లిపోతారు. ఒక ప్రదర్శన పెట్టాలనుకుంటే ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం మంచి రోజు, స్కూళ్లు తమంతట తామే ఎవరైనా వచ్చి ఏదైనా చూపిస్తే బాగుండును అని ఎదురుచూసే రోజది.

చోటు

ఫెన్సింగ్ ఆడే పట్టీని పిస్ట్ అంటారు. పొడవు 14 మీటర్లు, వెడల్పు ఒకటిన్నర నుంచి 2 మీటర్లు. ఇప్పుడు షటిల్ కోర్టు కొలత చూడండి, పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1. నెట్ విప్పేస్తే రెండు పిస్టులు పక్కపక్కన సుఖంగా పడతాయి, మధ్యలో మనుషులు నిలబడే జాగా కూడా మిగులుతుంది. ఆ కాస్త పొడవు తగ్గినందుకు మనలాంటివాళ్లకి ఏ నష్టమూ లేదు. చెక్క నేల గానీ సింథటిక్ మ్యాట్ గానీ ఉన్న ఇండోర్ షటిల్ కోర్టు దొరికితే అంతకంటే మంచి చోటు మీ ఊళ్లో ఇంకోటి ఉండదు.

అయితే పొద్దున 5 నుంచి 8, సాయంత్రం 6 నుంచి 9 షటిల్ వాళ్లవి, ఆ టైములో అడిగి లాభం లేదు. ఆదివారం మధ్యాహ్నం, మామూలు రోజుల్లో సాయంత్రం నాలుగింటి టైము అడగండి, ఖాళీగా పడి ఉండే గంటలు కాబట్టి యజమాని తక్కువకే ఇస్తాడు. విప్పిన నెట్ మళ్లీ మీరే బిగించి, నేల తుడిచి వెళ్లండి. మా క్లబ్ ఒకే చోట ఇన్నాళ్లు నిలబడటానికి ఈ ఒక్క అలవాటే కారణం అని నేను నమ్ముతాను.

కోర్టు దొరకకపోతే ఫంక్షన్ హాల్. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, హాళ్లు తాళాలేసి ఉంటాయి, మాట్లాడుకోవచ్చు. శ్రావణం వచ్చేసరికి మాత్రం మిమ్మల్ని పొమ్మంటారు, కాబట్టి దాన్నే నమ్ముకోకండి. ఇంకో ఇబ్బంది ఏంటంటే ఫంక్షన్ హాల్ నేలలు నునుపు గ్రానైటు, చెమట చుక్క పడిందంటే జారి పడతారు. అక్కడైతే పొడవాటి రబ్బరు మ్యాట్ పరుచుకుని, దాని అంచులు లేవకుండా టేపు వేసి ఆడండి. స్కూలు ఆవరణలో సిమెంటు నేల ఉంటే అడుగులు నేర్చుకోవడానికి పనికొస్తుంది గానీ రోజూ అదే అయితే ముందుకాలి మడమ నొప్పి వస్తుంది.

గీతలకి పెయింట్ వద్దు, జిగురు మిగలని రంగు టేపు కొనండి. మధ్యలో ఒక గీత, దానికి అటూ ఇటూ 2 మీటర్ల దూరంలో ఇద్దరు నిలబడే గీతలు, రెండు చివర్లా ఆఖరి 2 మీటర్లు తెలిసేలా ఇంకో గీత, అంతే.

ఏ కత్తి

ఆయుధాలు మూడు. ఫాయిల్‌లో మొండెం మీద మొనతో తాకితేనే లెక్క. సేబర్‌లో నడుము పైభాగం అంతా లెక్కే, మొనతోనే కాదు, అంచుతో కొట్టినా చెల్లుతుంది. ఎపీలో తల నుంచి కాలి వేళ్ల దాకా ఎక్కడ మొన తాకినా పాయింటే. ఫాయిల్, సేబర్‌లలో ఇద్దరికీ ఒకేసారి తగిలితే ఎవరి దాడి ముందు మొదలైంది, పాయింటు హక్కు ఎవరికి ఉంది అని రిఫరీ తేల్చాలి, అది తేల్చడానికే కొన్నేళ్ల కన్ను కావాలి. కోచ్ రోజూ ఉండని క్లబ్బులో ఈ హక్కు గొడవ ప్రాక్టీస్ టైములో సగం తినేస్తుంది. ఎపీలో ఆ పేచీ లేదు, ముందు ఎవరు తాకితే వాళ్లది, ఇద్దరూ ఒకేసారి తాకితే ఇద్దరికీ.

అందుకే పెద్దవాళ్ల క్లబ్ అయితే ఎపీతో మొదలుపెట్టండని నా మాట. కొంచెం బరువు, 770 గ్రాముల దాకా ఉండొచ్చు, ఫాయిల్ అయితే 500 లోపే. పన్నెండేళ్ల లోపు పిల్లలు ఎక్కువగా ఉంటే ఫాయిల్ మంచిది, అందులోనూ 0 లేదా 2 సైజు పొట్టి బ్లేడ్లు అడగండి, 5 సైజు పెద్దవాళ్లది. మూడు రకాలూ కొని అందరినీ సంతోషపెట్టాలని చూడకండి, ఆరుగురిలో ఇద్దరిద్దరు ఒక్కో ఆయుధం పట్టుకుంటే ఎవరికైనా ఆడటానికి ఒక్క మనిషే మిగులుతాడు.

కొనాల్సినవి

ఒక్కొక్కరికీ మాస్క్, జాకెట్, దాని లోపల కత్తి పట్టే చేతివైపు చంకని, పక్కటెముకల్ని కప్పే ప్లాస్ట్రన్, కత్తి చేతికి ఒక గ్లవ్. ఎపీ కాబట్టి కాళ్లకి కూడా ఫెన్సింగ్ ప్యాంటు, మోకాళ్ల దాకా సాక్స్ ఉండాలి. ఆడవాళ్లకి, పిల్లలకి ఛాతీ కవచం తప్పనిసరి. షూ మాత్రం షటిల్ షూలే చాలు, ఫెన్సింగ్ షూ అంటూ ఖర్చు పెట్టకండి.

నలుగురూ మార్చుకుని వాడే సామాను కాబట్టి రెండు జాగ్రత్తలు. జాకెట్లు వీపు వైపు జిప్ ఉన్నవి తీసుకోండి, అవి కుడిచేతి వాళ్లకీ ఎడమచేతి వాళ్లకీ సరిపోతాయి, ముందు జిప్ ఉన్నవి ఒక చేతివాళ్లకే. కత్తి పిడి కూడా తిన్నగా ఉండే ఫ్రెంచ్ పిడి తీసుకోండి, పిస్టల్ పిడి చేతిని బట్టి మారిపోతుంది. గ్లవ్ అంచు జాకెట్ చేతి మీదకి బాగా వచ్చేలా పొడుగ్గా ఉండాలి, లేకపోతే మొన చేతి లోపలికి దూరిపోతుంది. లేబుల్ మీద 350 న్యూటన్ అని ఉంటే క్లబ్ ఆటకి సరిపోయే బట్ట అని అర్థం, అంతర్జాతీయ పోటీలకైతే 800 ఉండాలి. లేబులే లేని జాకెట్ ఎంత చవకగా వచ్చినా వద్దు. పాత సామాను అమ్మకానికి వస్తే కత్తులు, ప్యాంట్లు తీసుకోండి, పాత మాస్క్ మాత్రం చేతిలో పట్టుకుని చూడకుండా కొనకండి.

మాస్క్

వల మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, లోపలికి పోయిందంటే పక్కన పడేయండి. తుప్పు మచ్చ, సొట్ట, గడ్డం కింద గుడ్డ ఊడిపోవడం, వెనక పట్టీ వదులవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ మాస్క్ వాడకూడదు. తుప్పు పట్టిన మాస్క్‌కి పెయింట్ వేసి మళ్లీ వాడేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

1982లో రోమ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరుగుతుండగా ఎదుటివాడి బ్లేడ్ విరిగి, ఆ విరిగిన ముక్క మాస్క్‌లోంచి దూసుకెళ్లి, అంతకు రెండేళ్ల ముందే ఒలింపిక్ స్వర్ణం గెలిచిన సోవియట్ ఫెన్సర్ వ్లదిమిర్ స్మిర్నోవ్ చనిపోయాడు. మాస్కులు, దుస్తులు, బ్లేడ్ ఉక్కు ఇప్పుడున్నంత గట్టిగా తయారవడానికి ఆ చావే కారణం. మామూలు మొన మొద్దుగా, స్ప్రింగులా ఉంటుంది, దానితో పెద్ద ప్రమాదం లేదు. విరిగిన బ్లేడ్ మాత్రం బల్లెం లాంటిది. అందుకని ఆడే ముందు ప్రతి బ్లేడ్ మీదా వేలు పోనిచ్చి పగులు ఉందేమో చూడాలి, పాములా రెండు వంపులు తిరిగిన బ్లేడ్‌ని పక్కన పెట్టాలి, టక్ మని శబ్దం వస్తే ఎవరైనా సరే "హాల్ట్" అని అరవాలి, అరిచినందుకు ఎవరూ విసుక్కోకూడదు.

క్లబ్ పెట్టిన మూడో వారం మా ఇద్దరు సభ్యులు "మెల్లగా చేసి చూపిస్తా" అనుకుంటూ మాస్క్ లేకుండా ఒక దెబ్బ ప్రాక్టీస్ చేశారు. మొన కనుబొమ్మని గీసుకుంటూ పోయింది. ఇంకో వేలెడు కిందకి అయితే కన్నే. ఆ రోజు నుంచి మా నియమం ఒక్కటే: ఎదురుగా ఉన్న మనిషికి మాస్క్ లేకపోతే మీ కత్తి మొన నేలని చూస్తూ ఉండాలి. ఇది గోడ మీద రాసి పెట్టండి, ఒకసారి తప్పితే ఆ రోజుకి బయట కూర్చోవాలి, క్లబ్ పెట్టినవాళ్లకైనా అదే.

ఒక రోజు ప్రాక్టీస్

గంటన్నర చాలు. మొదటి పావుగంట ఒళ్లు వేడెక్కించుకోవడం, తర్వాత అరగంట అడుగులు, ఒక ఇరవై నిమిషాలు జతలుగా కత్తి పని, మిగతాది బౌట్లు. బౌట్లు లేకుండా ఎవరినీ ఇంటికి పంపకండి, మొదటి వారం వచ్చినవాళ్లనైనా సరే చివరి పది నిమిషాలు ఆడనివ్వండి, వాళ్లు వచ్చింది అందుకే కదా.

నిలబడే పద్ధతి: ముందుకాలు ఎదుటివాడి వైపు, వెనక కాలు దానికి అడ్డంగా, రెండు మడమలు ఒకే గీత మీద, మోకాళ్లు వంచి, నడుము నిటారుగా. ముందుకి వెళ్లేటప్పుడు ముందుకాలు ముందు కదులుతుంది, మడమ నేలకి ఆనాలి. వెనక్కి వెళ్లేటప్పుడు వెనక కాలు ముందు. కాళ్లు ఒకదాన్నొకటి దాటకూడదు. సాగి పొడిచేటప్పుడు చెయ్యి ముందు చాచి, ఆ తర్వాతే ముందుకాలు వేయాలి. కొత్తవాళ్లంతా కాలు ముందు వేసి చెయ్యి తర్వాత చాస్తారు, ఎదుటివాడు ఆ మధ్యలో హాయిగా పొడిచేస్తాడు. ఈ ఒక్క తప్పు దిద్దడానికి మాకు రెండు నెలలు పట్టింది, మీకూ పడుతుంది, కంగారు పడకండి.

అడుగులు విసుగు పుట్టకుండా రెండు ఆటలు చెప్తాను. షటిల్ కోర్టులో ఖాళీ కాక్ డబ్బాలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒక డబ్బాని తమ అరచేతుల మధ్య ఆనించి పట్టుకుంటారు, వేళ్లతో పట్టుకోకూడదు. ఒకరు ముందుకీ వెనక్కీ నడుస్తుంటే రెండోవారు డబ్బా పడిపోకుండా అదే దూరంలో కదలాలి. ఫెన్సింగ్‌లో అసలు విద్య ఈ దూరమే, కత్తి తిప్పడం తర్వాతి మాట. రెండోది గ్లవ్ ఆట, ఒకరు గ్లవ్‌ని భుజం ఎత్తులో పట్టుకుని చెప్పకుండా వదిలేస్తారు, రెండోవారు సాగి, అది నేల మీద పడేలోపు అందుకోవాలి. పిల్లలైతే దీన్ని గంట సేపు ఆడతారు.

బౌట్ మొదలయ్యే ముందు ఎదుటివారికి, రిఫరీకి, చూసేవాళ్లకి కత్తి ఎత్తి సెల్యూట్, అయిపోయాక మాస్క్ తీసి కత్తి లేని చేత్తో షేక్ హ్యాండ్. ఇది మొక్కుబడిగా చేయించకండి. చేతిలో కత్తి ఉన్న ఆటలో కోపం అదుపులో ఉండాలంటే ఈ మర్యాదే దిక్కు.

నేర్పేవాళ్లు

యూట్యూబ్ చూసి అడుగులు నేర్చుకోవచ్చు, అంతకు మించి ఎవరైనా కళ్లతో చూసి సరిచేయాలి. మీ జిల్లా ఫెన్సింగ్ సంఘం ఉందేమో కనుక్కోండి. యూనివర్సిటీ పోటీలు ఆడి ఉద్యోగాల్లో పడిపోయినవాళ్లు మీ చుట్టుపక్కలే ఉంటారు, కత్తి పట్టి ఏళ్లయింది అంటూనే వస్తారు. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో డిప్లొమా చేసిన కోచ్‌ని నెలకి ఒక శని, ఆదివారం పిలిపించుకుని, ఆ రెండు రోజుల్లో నేర్పింది నెలంతా ప్రాక్టీస్ చేయడం మాకు బాగా పనిచేసింది. వచ్చినవారికి దారి ఖర్చులు, భోజనం, బస ముందే మాట్లాడుకోండి, గురువుగారు మొహమాటపడి అడగకపోయినా మీరు ఇవ్వాల్సింది ఇచ్చేయండి.

డబ్బు, కాగితాలు

మేం పెద్దవాళ్లకి నెలకి 500, చదువుకునే పిల్లలకి అందులో సగం పెట్టుకున్నాం. కోర్టు అద్దె పోగా మిగిలింది సామాను కోసం దాస్తాం. లెక్క ఇద్దరి చేతిలో ఉండాలి, నెలాఖరుకి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. స్నేహితులే కదా అని లెక్క రాయకపోతే క్లబ్బుతో పాటు స్నేహం కూడా పోతుంది.

మొదటి రోజే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఏడాది నిలబడ్డాక సొసైటీగా నమోదు చేసుకోవచ్చు, మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. పిల్లలుంటే తల్లిదండ్రుల సంతకం ఉన్న కాగితం, దగ్గరి ఆసుపత్రి నంబర్, ఐస్ ప్యాక్‌తో సహా ఒక ఫస్ట్ ఎయిడ్ డబ్బా మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. కత్తులు ఎప్పుడూ సంచిలోనే తిరగాలి, బస్సులో గానీ బండి మీద గానీ బయటికి కనిపించేలా తీసుకెళ్లవద్దు. విమానంలో అయితే చెక్ ఇన్ సామానులో వేయాల్సిందే.

నెలాఖరు బౌట్లు

నెలకోసారి అందరూ అందరితో ఆడండి. ఆరుగురైతే 15 బౌట్లు, ఒక్కోటి 5 టచ్‌లు లేదా 3 నిమిషాలు, ఒక్క పిస్ట్ మీదే గంటంపావులో అయిపోతుంది. ఆడనివాళ్లు రిఫరీ చేయాలి, అది కూడా నేర్చుకోవాల్సిందే. కత్తి తగిలితే లైటు వెలిగే మెషిన్ లేదు కాబట్టి మా పద్ధతి ఇది: తగిలినవాళ్లే "తగిలింది" అని చెప్పాలి, పొడిచినవాళ్లు అడగకూడదు. మొదట్లో దాచేవాళ్లు ఉంటారు. ఒక నెల చూడండి, అందరి ముందూ ఒకరు గట్టిగా "నాకు తగిలింది" అని తన ఓటమి తానే చెప్పుకున్న రోజు నుంచి మిగతావాళ్లు కూడా మారతారు. ఓడినా నిజం చెప్పినవాళ్లకి ఆ రోజు చప్పట్లు కొట్టించండి.

ఎండ, చెమట, తుప్పు

మందపాటి జాకెట్, మూసుకున్న మాస్క్, పైన మన ఏప్రిల్, మే ఎండలు. ఆ రెండు నెలలు పొద్దున్నే పెట్టుకోండి లేదా బౌట్లు తగ్గించండి. ప్రతి పది నిమిషాలకి నీళ్లు, అయిపోయాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. కళ్లు తిరుగుతున్నాయి అంటే వెంటనే మాస్క్, జాకెట్ విప్పించి గాలి తగిలే చోట కూర్చోబెట్టండి, "ఒక్క బౌట్ అయ్యాక" అనే మాట వద్దు.

చెమట జాకెట్‌ని కత్తులున్న సంచిలో ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి బ్లేడ్ల మీద తుప్పు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇంకా తొందరగా. పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాయండి, సన్న గరుకు కాగితం ఒకటి సంచిలో ఉంచుకోండి. జాకెట్లు చల్లనీళ్లలో ఉతికి నీడలో ఆరేయాలి, బ్లీచింగ్ తగలనివ్వకండి, దారాల బలం పోతుంది.

కరెంటు పెట్టె

లైటు వెలిగే స్కోరింగ్ మెషిన్ అందరికీ కావాలనిపిస్తుంది. మొదటి ఏడాది వద్దు. ఒలింపిక్స్‌లోనే ఎపీకి అది 1936లో, సేబర్‌కైతే 1992లో వచ్చింది, అంతవరకూ మనుషులు కళ్లతో చూసే పాయింట్లు ఇచ్చారు. రెండో ఏడాది కొనేటప్పుడు ఎపీ ఎంచుకున్నందుకు సంతోషిస్తారు, ఎందుకంటే ఫాయిల్, సేబర్‌లకి కావాల్సిన లోహపు పైకోటు దీనికి అక్కర్లేదు. ఒక పెట్టె, రెండు రీళ్లు (ఆడేవాళ్లు కదిలేకొద్దీ వైరు వదిలి మళ్లీ చుట్టుకునేవి), బాడీ వైర్లు (జాకెట్ లోపలి నుంచి కత్తిని రీలుకి కలిపేవి), కరెంటు మొనలున్న నాలుగు కత్తులు, మొన స్ప్రింగ్ సరిగ్గా ఉందో చూడటానికి 750 గ్రాముల తూకం రాయి. మొనని కిందకి నొక్కి ఆ రాయి పెట్టి వదిలితే స్ప్రింగ్ దాన్ని పైకి లేపాలి, లేపకపోతే స్ప్రింగ్ మార్చాలి. వైర్లు తెగినప్పుడు టంకం పెట్టడం తెలిసిన సభ్యుడు ఒకరుంటే మంచిది, లేకపోతే మీ వీధి చివర మొబైల్ రిపేర్ కుర్రాణ్ణి క్లబ్బులో చేర్చుకోండి, మా దగ్గర ఆ పని చేసేది అతనే, ఇప్పుడు మా అందరికంటే బాగా ఆడుతున్నాడు.